కంచ తియ్యొద్దు

చిరంజీవి చంద్రకాంత్‌ను మీ అమ్మ హన్మమ్మ దీవించి చెప్పేది.

నేను చెబుతుంటే మీ అక్క రజిని రాస్తోంది. ఫోను చేస్తే తాండూరులో మీటింగులో ఉన్నానంటావు. ఉత్తరాన్ని మధ్యలో కట్ చేయలేవు కదా.

మన ఊరి కంచ చుట్టూ మీ కంపెనీ ఇనుప తీగ బిగించింది. ఇప్ప, తునికి, సీతాఫలం అన్నీ కొట్టేసి ఇళ్ళ ప్లాట్లు చేస్తారట. ఊరివాళ్ళ మాట వినడానికి వికారాబాద్ నుంచి ఆఫీసరు వస్తే అందరం బడిలో కూర్చున్నాం. "మా కంచ తియ్యొద్దు సారూ" అన్నాం. ఆయన పట్నం మనిషి. అర్థం కాక, కంపెనీ తరఫున పక్కన నిలబడ్డ నిన్ను అడిగాడు. "కంచె అంటే ఫెన్సింగ్ సార్. తియ్యొద్దంటున్నరు" అన్నావు. ఆయన అట్లాగే రాసుకుని పోయాడు. తెల్లారి మీవాళ్ళు ఇంకో వరుస తీగ బిగిస్తుంటే అడ్డం పోయాను. "నువ్వే గదా పెద్దమ్మా, తియ్యొద్దన్నది" అని నవ్వారు.

చుట్టూ కట్టేదాన్ని మనం కంప అంటాం. కంచ అంటే అడవి. అది తెలిసి కూడా అబద్ధమాడావు. జీతం కోసం ఊరిని అమ్మావు. ఈ మాట రాయనని మీ అక్క కలం పక్కన పెట్టింది. నేనే రాయించాను. సోమవారం ఆఫీసరు మళ్ళీ వస్తున్నాడు. నీ అబద్ధం నువ్వే ఒప్పుకో. లేకుంటే నలుగురిలో నేనే చెబుతాను. కన్నకొడుకువని ఆగను.

ఇట్లు,
కోపంతో మీ అమ్మ

* * *

కొడుకా చంద్రకాంత్,

మొన్న సోమవారం బడిలో మాటలు అయిపోగానే మీ జీపు వెళ్ళిపోయింది. నీతో మాట్లాడటం కుదరలేదు. అందుకే మళ్ళీ రాయిస్తున్నాను.

నువ్వు నోరు తెరవకముందే నేను లేచి, "నా కొడుకు దొంగమాట చెప్పిండు సారూ" అన్నాను. తల దించుకుంటావనుకున్నాను. నా వైపు తిరిగి, "నీ ఉత్తరం చదివినంకనే తెల్సింది అమ్మా, కంచ అంటే అడవని" అన్నావు. వెనక నుంచి బిచ్చయ్య, "మరి గిన్ని దినాలు ఏమమ్ముతున్నవ్ రా?" అన్నాడు. బడంతా నవ్వింది. నీ ముఖం చూశాక నాకు నవ్వు రాలేదు. అది అబద్ధమాడే ముఖం కాదు.

ఆ తర్వాత మీ మేనేజరు ముందే, "తప్పు నాది సార్, ఊరోళ్ళు ఉంచమంటున్నది అడవిని" అన్నావు. ఆఫీసరు పాత రాత కొట్టేశాడు. నీ ఉద్యోగం ఉందో పోయిందో మాకింకా తెలియదు.

అబద్ధమైతే తిట్టి ఊరుకునేదాన్ని. తెలియకపోతే ఎవరిని తిట్టను? ఐదో ఏటనే నిన్ను హాస్టల్‌కు పంపాం. సెలవులకు వస్తే, అందరితో కంచ అనే నేను నీతో మాత్రం అడవి అనేదాన్ని. చదువుకునే కొడుకుతో చదువుల మాట మాట్లాడుతున్నానని మురిసిపోయేదాన్ని.

పదిహేను రోజుల్లో ఆఫీసరు కంచలోకి వచ్చి చూస్తానన్నాడు. నువ్వు అంతకన్నా ముందు రా. తీగ దాటడానికి నా చెయ్యి పట్టుకుందువు. మన కంచ నీకన్నా ముందు ఆయనకు తెలియడం నాకు ఇష్టం లేదు.

ఎదురుచూసే
మీ అమ్మ హన్మమ్మ