పోయినాయన తాళంచెవి

జూన్ 2, సోమవారం

ముసురు. తలుపు కీలుకి నూనె వేశాను. పదకొండేళ్ళుగా ఎవరూ వేసినట్టు లేదు.

ఓడలో ఫిట్టరు పని ముగిసింది. దిగి నాలుగు రోజులు. మేడ మీద నా పాత గదే. మంచం ఊగడం లేదు, అందుకే నిద్ర పట్టడం లేదు. మెట్లు దిగుతూ లేని కడ్డీ కోసం చెయ్యి చాస్తున్నాను. కింద నా తాళాల దుకాణం ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్ల దుకాణం. తమ్ముడిది. నా ఆకురాళ్ళు గోనెసంచిలో తుప్పు పట్టి ఉన్నాయి.

భోజనానికి వెనక వాటాలో వాళ్ళింటికి వెళ్తున్నాను. మరదలు వడ్డిస్తూ బావగారూ అంటుంది. ఆ మాట వినపడ్డప్పుడల్లా ముద్ద గొంతులో ఆగుతోంది.

జూన్ 3, మంగళవారం

వాన తెరిపిచ్చింది. వీధిలోకి వెళ్ళాను. టీ కొట్టాయన నన్ను చూసి గ్లాసు జారవిడిచాడు. నువ్వు పోయావు కదయ్యా అన్నాడు. పోయాను, వచ్చాను అన్నాను. ఆ పోవడం కాదయ్యా, పోవడం అన్నాడు. బల్ల మీద కూర్చున్న సెలూను ఆయన, పైన కూడా ఇలాగే ముసురా, లేక అక్కడ బాగుందా అని అడిగాడు. అందరూ పగలబడి నవ్వారు. సాయంత్రానికి నా పేరు పోయినాయన అయింది.

తమ్ముణ్ణి నిలదీశాను. అన్నయ్య పోయాడన్నాను, ఓడెక్కి పోయాడనే నా అర్థం, జనం ఇంకోటి అనుకుంటే నేనేం చేసేది అన్నాడు. నా మొహం చూడలేదు.

జూన్ 4, బుధవారం

వెళ్ళేముందు ఎదురింటి దర్జీ పిల్ల నా చొక్కాకి గుండీ కుడుతూ, మూడేళ్ళయినా నీ కోసం ఆగుతాను, ఉత్తరాలు మాత్రం ఆపకు అంది. వాళ్ళ నాన్న చేతిలో పడకూడదని మా దుకాణం అడ్రసుకే రాశాను. అందజేస్తానన్నది తమ్ముడు. మూడేళ్ళు రాశాను. ఒక్క జవాబు రాలేదు. మానేశాను.

వస్తున్నానని ఓడ దిగేముందు ఫోన్ చేశాకే నేను బతికున్నట్టు ఆమెకి తెలిసిందట.

ఆ పిల్లే మా మరదలు.

జూన్ 6, శుక్రవారం

ఎండ. రెండు ఆకురాళ్ళకి తుప్పు గీకాను.

మరదలు ఒక పని చెప్పింది. వాళ్ళ కూతుర్ని కొత్త బడిలో చేర్చాలి, పుట్టినతేదీ సర్టిఫికెట్ ఇనప్పెట్టెలో ఉంది, గడువు పదమూడో తేదీ. తాళంచెవి విరిగి కన్నంలోనే ఉండిపోయింది. మీరు ఫోన్ చేసిన రోజే బావగారూ, ఫోన్ పెట్టెయ్యగానే ఈయన పరుగున వెళ్ళి తిప్పారు, పుటుక్కుమంది అంది. అంతవరకు ఆ తాళంచెవి ఆయన జేబు దాటి రాలేదట. తాళాలవాళ్ళు ఇద్దరు వచ్చి చేతులెత్తేశారట.

ఎత్తరా మరి. పుస్తకం ముందు పెట్టుకుని నేను చేసిన మొదటి తాళం అది. ఎడమకి సగం తిప్పాలి. ఆగాలి. టక్కుమన్నాక కుడికి. తొందరపడ్డవాడికి తెరుచుకోదు.

నేను వస్తున్నానంటే వాడికి అంత తొందరెందుకు?

జూన్ 7, శనివారం

మధ్యాహ్నం తమ్ముడు మేడెక్కి వచ్చి తలుపేశాడు. నావల్ల కాదని చెప్పెయ్యి అన్నయ్యా అన్నాడు. ఎందుకురా అన్నాను. గోడ వైపు తిరిగి చెప్పాడు. అడుగు సొరుగులో నా ఉత్తరాలున్నాయట. ఇరవై ఆరు.

తగలబెట్టకపోయావా అన్నాను. నీ చేతిరాత అన్నయ్యా, చేతులు రాలేదు అన్నాడు. ఆమెకివ్వడానికి రాని చేతులు అగ్గిపుల్ల గియ్యడానికీ రాలేదన్నమాట.

అవి దాని కంటపడితే నా కొంప మునుగుతుంది అంటూ కాళ్ళ మీద పడబోయాడు. వెనక్కి జరిగాను. చూస్తాన్లే అన్నాను. ఆ మాటకి అర్థం వాడే వెతుక్కుంటాడు. పోయాడన్న మాటకి వీధి వీధంతా వెతుక్కోలేదా.

జూన్ 9, సోమవారం

నాలుగు నిమిషాల పని. గంటసేపు పెట్టె ముందు కూర్చున్నాను. కన్నంలోకి టార్చి వేశాను. చెవి ఆనించి విన్నాను. ఊఁ అన్నాను. ఉహుఁ అన్నాను. గుమ్మంలో తమ్ముడి చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది. రేపు చూద్దాం అని లేచాను.

ఇవాళ ముద్ద సాఫీగా దిగింది.

జూన్ 10, మంగళవారం

రేపు చూద్దాం అన్నాను.

జూన్ 11, బుధవారం

తమ్ముడు తిండి మానేశాడు. ఆ పెట్టె మీద అంత బెంగేంటండీ, అందులో గానీ రాక్షసుడి ప్రాణం దాచారా అని మరదలు వేళాకోళమాడింది. అందరికంటే ముందు నేను నవ్వాను.

జూన్ 12, గురువారం

చిన్నది మేడ మీదికి వచ్చింది. ఏడేళ్ళు. పెదనాన్నా, పోయినప్పుడు నొప్పేసిందా అని అడిగింది. కొంచెం అన్నాను. రేపు కాగితం ఇవ్వకపోతే బడిలో నా చోటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారంట, అమ్మ ఏడ్చింది అంది.

దీని సంగతి నేను తలుచుకోనేలేదు.

జూన్ 13, శుక్రవారం

పొద్దున్నే తెరిచాను. మరదల్ని మంచినీళ్ళు తెమ్మని పంపి అడుగు సొరుగు లాగాను. దారంతో కట్టిన కట్ట. ఒక్క కవరూ చించలేదు. తమ్ముడు చేతులు జోడించాడు. సొరుగు మూసేశాను. సర్టిఫికెట్ చిన్నదాని చేతికిచ్చి, పెట్టెకి మళ్ళీ తాళం వేసేశాను. వాడు అమ్మయ్య అన్నాడు. మళ్ళీ తొందరపడ్డాడు.

సాయంత్రానికి కొత్త తాళంచెవి చేశాను. ఒకటే. మరదలి చేతిలో పెట్టి తిప్పడం నేర్పాను. ఎడమకి సగం, ఆగు, ఇప్పుడు కుడికి. ఇంకెవరికీ ఇవ్వకమ్మా, మళ్ళీ విరగ్గొడతారు అన్నాను. అడుగు సొరుగు కాస్త బిగుసుకుంది, తీరికగా ఉన్నప్పుడు గట్టిగా లాగి చూసుకో అన్నాను.

సరే బావగారూ అంది.

తమ్ముడి మొహం చూశాను. పదకొండేళ్ళకి ఇంటికొచ్చినట్టనిపించింది.

జూన్ 14, శనివారం

అది తాళంచెవి ఎక్కడ పెట్టిందో నీకు తెలుసా అని తమ్ముడు మూడుసార్లు అడిగాడు. తెలీదు. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

జూన్ 15, ఆదివారం

మళ్ళీ ముసురు. తలుపు మళ్ళీ కిర్రుమంటోంది. నూనె సీసా తీశాను. మెట్ల మీద అడుగుల చప్పుడు. తమ్ముడివి కావు.

మరదలు గుమ్మంలో నించుంది. కట్ట చేతిలో ఉంది. దారం లేదు. ఆయన్ని కొట్టడానికి నా చెయ్యే దొరికిందా అని అడిగింది.

బావగారూ అనలేదు.

జవాబు కోసం నించుంది. నేను ఇది రాస్తున్నాను. సీసా మూత తీసే ఉంది. కీలుకి ఇంకా నూనె వెయ్యలేదు.