ఏడో ట్యాంకు మీద ‘ఖాళీ’

నాన్నా,

నేను బాగానే ఉన్నాను, చేతులకే నూనె కంపు వదలడం లేదు. నువ్వు పెయింటరుగా చేసి వచ్చిన ఆ ఏటి ఒడ్డు ఫ్యాక్టరీ మూతబడింది కదా, అందులో పాత నూనె తోడే పని మాకే పడింది. ట్యాంకుల మీద నువ్వు రాసిన అక్షరాలు ఇన్నేళ్ళయినా చెక్కు చెదరలేదు. ఏడో దాని మీద ‘ఖాళీ’ అని ఉంది. అది నమ్మి మా మేస్త్రీ ట్యాంకు కోయడానికి గ్యాస్ కట్టర్ తెప్పించాడు. నువ్వు రంగు డబ్బాని తట్టి చూసినట్టే, నేను ఊరికే స్పానర్‌తో తట్టాను. పైన ఖంగుమంది, కిందకి వచ్చేసరికి మొద్దుగా పలికింది. మూత తీసి కర్ర దింపితే నడుం లోతు నూనె! నిప్పు పెట్టి ఉంటే మేమూ మిగిలేవాళ్ళం కాదు, ఏరూ మిగిలేది కాదు.

"ఎవరమ్మా ఇది రాసిన మహానుభావుడు?" అన్నాడు మేస్త్రీ. ఏమో అన్నాను.

కోపం రాలేదని కాదు గానీ, అసలేం జరిగిందో తెలుసుకోవాలనే ఎక్కువగా ఉంది. తట్టి చూడందే డబ్బా మూతైనా తియ్యవు, మరి అదెలా రాశావు? ఎవరైనా రాయమన్నారా? నువ్వు రాశాక నింపారా?

అమ్మ మోకాళ్ళ మందు అయిపోయిందా? వంటగది కిటికీ రెక్క బిగించారా? అమ్మకి దండాలు, నా గొడుగు పోగొట్టిన చెల్లికి మొట్టికాయ.

వచ్చే వారానికి ఆ ట్యాంకు నిజంగానే ఖాళీ అవుతుంది. ఆ మాట మళ్ళీ రాసే పని నాకే అప్పజెప్పారు. ఇన్నేళ్ళు వెలిసిపోని ఆ రంగులో ఏం కలిపేవాడివో వెంటనే రాయి. రంగు నీలాగే కలుపుతాను. రాయడం మాత్రం, లోపలికి టార్చి వేసి అడుగు కళ్ళారా చూశాకే.

నీ పెద్దది