అన్నయ్య సమాధి మీద గడ్డి

యానాం,
27 అక్టోబరు 2006

జోసెఫిన్ వదినకు,

సమాధుల పండక్కి నువ్వొచ్చి నలుగురిలో కేకలేసేలోగా నేనే చెప్పేస్తున్నా. ఈసారి అన్నయ్య సమాధి మీద గడ్డి కొయ్యలేదు, సున్నమూ వెయ్యలేదు. చర్చి సమాధుల దొడ్డి చూసుకునేది నేనే కదా, "సొంత అన్న సమాధికే దిక్కు లేదా" అని ఫరంపేట వాళ్ళు అడగనే అడిగారు.

ఆ గడ్డిలో కౌజుపిట్ట గుడ్లు పెట్టింది వదినా. పిట్టల కోసం అక్కడక్కడా గడ్డి వదిలెయ్యమని ఫాదర్ గారు నిరుడే చెప్పారు. అప్పుడు నేనే వినకుండా, పండగ కదా అని కొడవలి వేశా. అప్పటి గూడు చితికిపోయింది. పిల్లి తినేసిందని ఆయనకి అబద్ధం చెప్పా. పిట్ట మూడు రోజులు అక్కడక్కడే తిరిగింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు, నీకే.

పొద్దుట్నించీ నాలుగుసార్లు వెళ్ళి చూసొచ్చా. నువ్వు మాత్రం గడ్డి మీద చెయ్యి వెయ్యకు. కొవ్వొత్తులు ఎడంగా, గోడ దగ్గర వెలిగిద్దాం.

అన్నయ్య ఏమీ అనుకోడులే. కౌజుల కోసం రోజంతా ఉచ్చులు పన్నుకుని కూర్చునేవాడు. ఇప్పుడు అదే వచ్చి గుండెల మీద కూర్చుంటే, ఓ పది రోజులు కదలకుండా ఉండలేడా?

నీ ఆడపడుచు