చీకట్లో అన్నం

నా బంగారు తండ్రీ,

నీ స్నేహితుడి చేత రాయించిన ఉత్తరం అందింది. నా ఆనందం పట్టలేకపోతున్నానురా! ఇది నీకు చదివిపెట్టే ఆ బిడ్డ చల్లగా ఉండాలి.

వెల్డింగులో చూపు పోయినప్పుడు, "క్రీస్తు లోకానికి వెలుగంటారే, మరి నాకో?" అని నా మీద అరిచావు. ఆ రోజు నుంచి నీతో సమానంగా ఉందామని, రోజూ లైటు ఆర్పేసి నీ పక్కన కూర్చుని అన్నం తిన్నాను. ఇప్పుడు నువ్వే రాయించావు: "ఆయన వెలుగు కంటికి కనిపించేది కాదు నాన్నా. చీకట్లో నువ్వొచ్చి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది."

ఎంత మాటన్నావురా నా తండ్రీ!

నువ్వు అంధుల శిక్షణకు వెళ్ళినా నేనింకా లైటు ఆర్పేసే తింటున్నాను. నీ కుర్చీ ఖాళీగానే ఉంది. ఆయన్ని ఒకసారి ఇటు కూడా రమ్మని చెప్పరా.

నీ పిచ్చి నాన్న