నలభయ్యో రోజు

పాత బడి వసతిగృహం, పోలండ్
17 నవంబరు 2024

ఒస్తాప్‌కు హలీనా పిన్ని ఆశీస్సులు.

నేను కులాసా. యుద్ధంలో, కందకంలో ఉన్నవాణ్ణి నువ్వెలా ఉన్నావని అడగడం బాగుండదు కాబట్టి అడగను.

నీ ఉత్తరం అందింది. "ముప్పై ఏళ్లు పత్రికలో చేశారు, నా చెల్లెలికి ఎవరి వల్ల ఈ గతి పట్టిందో పేరుతో సహా రాయండి పిన్నీ" అన్నావు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీ అమ్మ సెప్టెంబరు తొమ్మిదిన పోయింది. మర్నాడే నీ చెల్లెలు యారిన కూతురు సోల్యాను వెంటబెట్టుకుని ఇక్కణ్ణుంచి సరిహద్దు దాటి మీ ఊరు వెళ్లింది. నీకు సెలవు దొరకలేదు. ఆత్మ ఇల్లు విడిచే నలభయ్యో రోజున తేనె కలిపిన గోధుమలు వండి, ఊరివాళ్లను పిలిచి భోజనం పెట్టడానికి ఆ ఇంటి మనిషి ఆమె ఒక్కతే. ఆ పని ముగించుకుని అక్టోబరు ఇరవైన తిరిగొచ్చింది.

యుద్ధం వల్ల ఇక్కడికి వచ్చి తాత్కాలిక రక్షణలో ఉన్నవాళ్లు ముప్పై రోజులకు మించి మన దేశంలో ఉండిపోతే ఇక్కడి హోదా పోతుంది. దాంతోపాటు వైద్యం, పిల్లల భత్యం పోతాయి. ఈ వసతిగృహంలో మంచమూ పోతుంది. ఆ నిబంధన మా గది తలుపు మీదే అంటించి ఉంది, పోలిష్‌లో. యారినకు పోలిష్ చదవడం రాదు.

మర్నాడు ఆ హోదా చూసే కార్యాలయానికి ఆమెతో దుబాసీగా వెళ్లాను. కిటికీ అవతలి ఉద్యోగిని గసగసాల రొట్టె తింటోంది. చివరిదాకా తింటూనే ఉంది.

"నలభై రోజులా? మా మావయ్య పోతే మూడు రోజుల్లో తేల్చేశాం. మీవాళ్ల ఆత్మలకి అంత నెమ్మదేమిటమ్మా?" అంది. పక్క కిటికీ ఆవిడ నవ్వింది. నేను ఆ మాటను యారినకు చెప్పలేదు.

ముప్పై రోజుల సంగతి తెలియదా అని ఉద్యోగిని అడిగింది.

"చావుకి వెళ్తే ఆ లెక్క పట్టరని ఎవరో అన్నారండీ" అంది యారిన.

"ఎవరో అన్నారట! ఆ ఎవరినో వెళ్లి అడుక్కోమను, రొట్టె పెడతాడేమో" అంటూ కాగితం తోసింది. కొత్త దరఖాస్తుకు వంతు నవంబరు ఎనిమిదిన. సోల్యా ఇన్సులిన్ పది రోజులకు మించి లేదని చెప్పాను. "వంతు వంతే" అంది. ఆవిడ వేళ్లకంటిన గసగసాలు ఆ కాగితం మీద పడ్డాయి.

ఇక్కడ మన మనుషులు అంతకంటే మేలేం కాదు. యారిన మంచం అప్పటికే రయీసా అనే ఆవిడకు ఇచ్చేశారు. "చచ్చినవాళ్లకి విందులు చేస్తూ కూర్చుంటే బతికున్నవాళ్లం నేల మీద పడుకోవాలా తల్లీ?" అంది ఆ మహాతల్లి, దిండు కూడా వెనక్కి ఇవ్వకుండా. వార్డెన్ పాత వ్యాయామశాల సామాన్ల గదిలో తల్లీకూతుళ్లకు చాపలు పరిపించి, ఫొటో తీయించుకుని, కింద "మానవత్వం" అని రాసి పెట్టుకున్నాడు.

ఇన్సులిన్ అక్టోబరు ముప్పైన అయిపోయింది. మందుల షాపు కంప్యూటర్‌లో ఆమె నంబరు చెల్లలేదు. పిల్లకు చక్కెర పెరిగి వాంతులు పట్టుకుంటే ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచుకుని నిలబెట్టారు. పంపేటప్పుడు మూడు రోజుల మందు చేతిలో పెట్టారు.

నవంబరు నాలుగున యారిన సంచి సర్దింది. ఇంకో నాలుగు రోజులు ఆగమన్నాను. "అక్కడ సైరన్లున్నాయి పిన్నీ, కానీ మందు ఉంది. ఇక్కడ ప్రశాంతత ఉంది, మందు లేదు. నా కూతురు ప్రశాంతంగా చావడం నాకొద్దు" అంది. మర్నాడు పొద్దున బస్సెక్కారు.

ఎనిమిదో తేదీన ఆమె వంతు వచ్చింది. నేను వెళ్లి, మనిషి లేదని చెప్పాను. అదే ఉద్యోగిని. "చూశారా, అంత అవసరమేం లేదన్నమాట" అని పేరు కొట్టేసింది.

ఇదీ జరిగింది. తారీకులు అన్నీ సరిచూసుకున్నాను.

ఇట్లు,
హలీనా

తాజా కలం: కవరు అంటించి మళ్లీ విప్పాను. నువ్వు అడిగిన పేరు ఇందులో లేదు. మీ అమ్మ పోయిన రోజు యారిన సర్దుకుంటూ ఎన్నాళ్లు ఉండొచ్చని నన్నే అడిగింది. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. లేచి చదవలేదు. మా అమ్మ నలభయ్యో రోజున నేను ఎన్నికల వార్త రాస్తూ కూర్చున్నాను. అది గుర్తొచ్చి, "నలభై ముగించుకునే రా, చావుకి వెళ్తే ఎవరూ లెక్క పట్టరు" అన్నాను. కిటికీ దగ్గర ఆమె "ఎవరో అన్నారండీ" అన్నప్పుడు నా వైపు చూడలేదు. నేను ఆ మాటను పోలిష్‌లో చెప్పాను: ఎవరో అన్నారట.