చేతులు దించుకుని విన్నాడు

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నిన్న పోటీ ఫైనల్లో ఆర్కెస్ట్రాతో సోలో వయొలిన్ వాయించాను. కండక్టర్ ఆయనే. నాన్న జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ అని తెలిసి, "కూలీవాడి కూతురు సొంతంగా స్వరం కడుతుందా? బస్, బేటీ, ఇక చాలు!" అని, రిహార్సల్లో నువ్వు కట్టింది వాయిస్తుంటే సగంలో ఆపేసిన పెద్దమనిషి.

సోలో వాయించేవాళ్లకి ఒంటరిగా వదిలేసే చోటు ఒకటుంటుంది కదా. మనం తల ఊపేదాకా ఆర్కెస్ట్రా పలకదు, కండక్టర్ చెయ్యెత్తకూడదు. అచ్చులో ఉన్న స్వరాలు వదిలేసి, అక్కడ నువ్వు కట్టిందే అందుకున్నాను. గుర్తుపట్టాడు. ముఖం కందగడ్డయింది. హాలు నిండా జనం, "బస్" అనలేడు. చివరి స్వరం దాకా వినిపించి, అప్పుడు తల ఊపాను.

తెర వెనక "ఏ క్యా థా?" అని, అదేమిటంటూ పళ్లు కొరికాడు.

"మా దీదీది సార్. ఆరోజు సగమే విన్నారు. మిగతా సగం ఇది."

బహుమతి రాలేదు. "ఏట్రా, పెద్దోళ్లతో నీకీ పంతాలు?" అని అమ్మ తిట్టింది. కళ జనానిదని నేను కరపత్రాలు చదివి అరుస్తుంటే నువ్వు నవ్వేదానివి. నిన్న అరవలేదక్కా, వాయించానంతే.

వచ్చే ఏడూ ఆయనే కండక్టరట. నేనూ ఇదే వాయిస్తాను.

నీ తమ్ముడు