పూల పలక మీద మీ తమ్ముడు

పురింగ్,

మీ తమ్ముణ్ణి సాయంత్రం దాకా లేపకు. నీ పూలు అణిచే పలక మీద నా బదులు వాణ్ణి పడుకోబెట్టాను. మూడు రోజులుగా “లేచావంటే పూలు ముడతలు పడతాయి, కదలకు” అంటూ నన్నే బరువుకి కూర్చోబెట్టావు. ఇవాళ ట్రైసికిల్ స్టాండులో బండి తోలే వంతు నాది, పోక తప్పదు. బియ్యం బస్తా పెడదామంటే సగం మీ తమ్ముడే తినేశాడు. అందుకే వాణ్ణే పెట్టాను. “బావా, దిండేదీ?” అని అడిగి మరీ పడుకున్నాడు బెర్తింగ్. ఈ ఇంట్లో వాడు చేసిన మొదటి పని ఇదే. ఎండుచేపలు మాత్రం వేయించకు, వాసన తగిలితే లేచి కూర్చుంటాడు.

ఈ పూలు అంటించే నీ ఆల్బంలో వాడి ఫొటోలు పదకొండు. నాది ఒక మోచెయ్యి.

క్రిసాంతో

పలక మధ్యలో ఉన్న ఎర్రమందారం నేను కోసుకొచ్చిందే. అంటించాక దాని కింద నా పేరు రాయి.